మూలకాల వరసలు

ఇప్పటివరకు గుర్తించిన మూలకాలు 118. వీటిని ఏడు అడ్డు వరసల్లో, 18 నిలువు వరసల్లో అమర్చిన పటమే ఆవర్తన పట్టిక. హైస్కూలు సైన్సు గదిలోనూ, కాలేజీ ల్యాబులోనూ గోడకు వేలాడే రంగురంగుల గళ్ల పటం ఇదే. అడ్డు వరసను పీరియడ్ అంటారు, నిలువు వరసను గ్రూపు అంటారు. తెలుగులో వరస అన్న మాటకు రెండర్థాలున్నాయి. ఒకటి బారు, రెండోది బంధుత్వం. పట్టికలో ఈ రెండూ కనిపిస్తాయి. అడ్డంగా చూస్తే మూలకాలు బారులు తీరి ఉంటాయి. నిలువుగా చూస్తే వాటి మధ్య చుట్టరికం బయటపడుతుంది. ఒక మూలకం ఏ గడిలో ఉందో తెలిస్తే అది లోహమా కాదా, దేనితో కలుస్తుంది, ఎంత జోరుగా కలుస్తుంది అన్న సంగతులు చాలావరకు చెప్పేయవచ్చు.

మూలకం అంటే ఒకే రకం పరమాణువులున్న పదార్థం. రసాయన చర్యలతో దాన్ని అంతకన్నా సరళమైన పదార్థాలుగా విడగొట్టడం కుదరదు. నీటిలోకి విద్యుత్తు పంపితే హైడ్రోజన్, ఆక్సిజన్ విడివడతాయి. కాబట్టి నీరు మూలకం కాదు. రాగి, గంధకం, పాదరసం అలా విడిపోవు. అవి మూలకాలు. ప్రతి పరమాణువుకూ నడిమధ్యన కేంద్రకం ఉంటుంది. అందులో ధనావేశమున్న ప్రోటాన్లు ఉంటాయి. కేంద్రకం చుట్టూ అన్నే ఎలక్ట్రాన్లు ఉంటాయి. ప్రోటాన్ల లెక్కనే పరమాణు సంఖ్య అంటారు. పట్టికలో గడి గడికీ వేసిన అంకె ఇదే. 79 ప్రోటాన్లుంటే అది బంగారం, 80 ఉంటే పాదరసం. ఒక్క ప్రోటాన్ తేడాతో ఒకటి నగ అయింది, ఇంకొకటి థర్మామీటరులో పాకే ద్రవమయింది. హైడ్రోజన్‌కు 1, హీలియంకు 2, లిథియంకు 3, అలా 118వ మూలకమైన ఒగనెసాన్ వరకు ఒక్క అంకె కూడా తప్పిపోకుండా గళ్లు నిండాయి.

ఆవర్తనం అంటే మళ్లీ మళ్లీ రావడం. ఏమిటి మళ్లీ వచ్చేది? తెలుగు వర్ణమాలను గుర్తు చేసుకుంటే ఇది సులువుగా బోధపడుతుంది. క నుంచి మ వరకు ఉన్న 25 హల్లులను బడిలో ఐదేసి చొప్పున ఐదు వరసలుగా రాయిస్తారు. క వర్గం గొంతులో పుడుతుంది, ప వర్గం పెదవుల మీద పుడుతుంది. వరస మారితే పుట్టే చోటు మారుతుంది. కానీ ప్రతి వరసలోనూ మొదటి అక్షరం పరుషం, మూడో అక్షరం సరళం, చివరిది అనునాసికం. ఐదు అడుగులు వేసేసరికి అదే గుణం తిరిగొస్తుంది. నిలువుగా చూస్తే క, చ, ట, త, ప ఒక కుటుంబం. సరళాదేశ సంధిలో ఈ ఐదూ ఒకే తీరుగా ప్రవర్తించి గ, జ, డ, ద, బ లుగా మారిపోతాయి. మూలకాలను పరమాణు సంఖ్య వరసన రాసుకుంటూ పోతే వాటిలోనూ ఇలాగే కొన్ని అడుగులకొకసారి అవే గుణాలు తిరిగొస్తాయి. అలా తిరిగొచ్చినచోట కొత్త వరస మొదలుపెడితే ఒకే పోలిక ఉన్నవన్నీ ఒకదాని కింద ఒకటి వచ్చి నిలబడతాయి. ఆవర్తన పట్టిక రచనకు మూలసూత్రం ఇంతే.

ఈ సూత్రం ఒక్కరోజులో దొరకలేదు. 1789లో ఫ్రెంచి శాస్త్రవేత్త లావోయిజర్ 33 మూల పదార్థాల జాబితా వేశాడు. అందులో కాంతిని, వేడిని కూడా చేర్చాడు. 1829లో జర్మనీకి చెందిన డాబరైనర్ మూలకాలను మూడేసి చొప్పున జతచేసి ఒక చిత్రాన్ని గమనించాడు. లిథియం, సోడియం, పొటాషియం ఒకే పోలికగా ఉంటాయి. లిథియం పరమాణు భారం 7, పొటాషియానిది 39. ఈ రెంటినీ కూడి సగం చేస్తే 23. సోడియం పరమాణు భారం సరిగ్గా అదే. క్లోరిన్, బ్రోమిన్, అయోడిన్ల విషయంలోనూ లెక్క దాదాపు ఇలాగే కుదిరింది. ఈ జట్లకు డాబరైనర్ త్రికాలని పేరు వచ్చింది. కానీ చాలా మూలకాలు ఏ త్రికంలోనూ ఇమడలేదు.

ఆ రోజుల్లో మరో చిక్కు కూడా ఉండేది. ఒకే మూలకం భారాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పేవారు. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూహే నగరంలో రసాయన శాస్త్రజ్ఞుల సమావేశం జరిగినప్పుడు, పరమాణు భారాలను ఒకే పద్ధతిలో లెక్కకట్టే దారిని ఇటలీకి చెందిన కన్నిజారో అందరి ముందూ పెట్టాడు. తూకాలు సరిపడ్డాక వరసలు పేర్చడం తేలికయింది. ఇంగ్లండులో న్యూలాండ్స్ మూలకాలను భారం పెరిగే క్రమంలో పెట్టి, ప్రతి ఎనిమిదో మూలకం మొదటిదాన్ని పోలి ఉందని 1865లో చెప్పాడు. సంగీతంలో స, రి, గ, మ, ప, ద, ని అయ్యాక మళ్లీ స పలికినట్టన్నమాట. దీన్ని అష్టక నియమం అన్నారు. 1866లో లండన్ కెమికల్ సొసైటీలో దీన్ని వివరించినప్పుడు, మూలకాలను అక్షరక్రమంలో పెట్టి చూశారా అని ఒకరు ఎగతాళి చేశారు. కాల్షియం దాటాక ఆ అష్టకాలు కుదరని మాట నిజమే. అయినా అదే నగరంలోని రాయల్ సొసైటీ వారు 1887లో న్యూలాండ్స్‌కు డేవీ పతకం ఇచ్చారు.

పట్టికకు అసలు రూపం ఇచ్చినవాడు రష్యాకు చెందిన దిమిత్రి మెండలీవ్. సైబీరియాలోని తొబొల్స్క్‌లో 1834లో పుట్టాడు. సెయింట్ పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చెబుతూ, విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకం రాస్తున్నాడు. ఏ మూలకం తర్వాత ఏ మూలకం గురించి చెప్పాలన్న ప్రశ్న దగ్గర పట్టిక పుట్టింది. అప్పటికి తెలిసినవి 63 మూలకాలు. వాటిని పరమాణు భారం పెరిగే క్రమంలో పేరుస్తూ, సంయోజకతలో, అంటే ఇతర పరమాణువులతో కలిసే సామర్థ్యంలో, పోలిక ఉన్నవి ఒకే కుటుంబంలో పడేలా అమర్చి 1869 మార్చిలో తొలి పట్టిక వేశాడు. జర్మనీలో లోథార్ మేయర్ కూడా విడిగా ఇలాంటి పట్టికే తయారు చేశాడు. కానీ మెండలీవ్ చేసిన సాహసం మేయర్ చేయలేదు. పోలిక కుదరనిచోట మెండలీవ్ మూలకాన్ని బలవంతంగా ఇరికించలేదు. గడిని ఖాళీగా వదిలేసి, ఇక్కడుండవలసిన మూలకం ఇంకా దొరకలేదని చెప్పాడు.

ఖాళీ గడి గురించి అంత ధీమాగా చెప్పడం ఎలా కుదిరింది? మళ్లీ వర్ణమాల దగ్గరికి వెళితే, ఎవరైనా ఘ అన్న అక్షరాన్ని చెరిపేశారనుకోవాలి. క వరసలో ఉంది కాబట్టి అది గొంతులోనే పుట్టాలి. ఝ, ఢ, ధ, భ ల కుటుంబం కాబట్టి ఒత్తి పలకాలి. విననివారు కూడా దాని ధ్వనిని ఊహించగలరు. మెండలీవ్ చేసింది అదే. ఖాళీ గడికి పైన, కింద, కుడివైపు, ఎడమవైపు ఉన్న మూలకాల గుణాలను చూసి నడుమనున్నదాని గుణాలను లెక్కకట్టాడు. ఇంకా దొరకని ఆ మూలకాలకు పేర్లు కావాలి. అందుకు సంస్కృతంలోని అంకెల మాటలు తీసుకున్నాడు. ఏక అంటే తెలిసిన మూలకానికి ఒక గడి కిందున్నదని. అలా ఏక-బోరాన్, ఏక-అల్యూమినియం, ఏక-సిలికాన్ అన్న పేర్లు రష్యన్ పట్టికలోకి ఎక్కాయి. ఏకవచనం, ఏకాదశి అని నిత్యం పలికే తెలుగువారికి ఆ పేర్లు ఇట్టే అర్థమవుతాయి.

1875లో ఫ్రాన్సులో బ్వాబోద్రాన్ గాలియం అనే లోహాన్ని కనిపెట్టాడు. ఏక-అల్యూమినియం అదేనని తేలింది. నీటితో పోలిస్తే దాని సాంద్రత 4.7 అని ఆయన ప్రకటించాడు. మెండలీవ్ ఆ లోహాన్ని కంటితో చూడలేదు. అయినా సాంద్రత 5.9 దగ్గర ఉండాలని, నమూనా శుద్ధిగా లేదేమోనని తెలియజేశాడు. మళ్లీ శుద్ధి చేసి తూచి చూస్తే 5.9 వచ్చింది. ఈ గాలియం సుమారు 29.8 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది. అరచేతిలో పెట్టుకుంటే ఒంటి వేడికే జారిపోతుంది. మే నెలలో రెంటచింతలలో బల్ల మీద పెడితే ఎవరూ ముట్టుకోకుండానే వెండి బొట్టులా మారిపోతుంది.

1879లో స్వీడన్‌లో నిల్సన్ స్కాండియాన్ని కనిపెట్టాడు. అది ఏక-బోరాన్ గడిలో కూర్చుంది. 1886లో జర్మనీలోని ఫ్రైబెర్గ్‌లో వింక్లర్ ఒక వెండి ఖనిజాన్ని విశ్లేషించాడు. అందులో ఉన్నవన్నీ కూడితే నూటికి 93 పాళ్లే లెక్కకొచ్చాయి. మిగిలిన ఏడు పాళ్లూ ఏమైనట్టు? వెతగ్గా వెతగ్గా కొత్త మూలకం దొరికింది. దానికి జర్మేనియం అని పేరు పెట్టాడు. ఏక-సిలికాన్ పరమాణు భారం 72 అని మెండలీవ్ 1871లో చెప్పాడు. జర్మేనియానిది 72.6. సాంద్రత 5.5 అన్నాడు. 5.3 వచ్చింది. దాని క్లోరైడ్ 100 డిగ్రీల లోపే మరుగుతుందన్నాడు. 86 డిగ్రీల దగ్గర మరిగింది. పదిహేనేళ్ల ముందు కాగితం మీద లెక్కకట్టిన మూలకం గనిలోంచి బయటికొచ్చింది. అప్పటినుంచి పట్టికను శంకించేవారు తగ్గిపోయారు.

అయినా మెండలీవ్ పట్టికలో ఒక ముడి మిగిలిపోయింది. భారం క్రమం పాటిస్తే అయోడిన్ ముందు రావాలి, టెల్లూరియం తర్వాత రావాలి. ఎందుకంటే టెల్లూరియం భారం 127.6, అయోడిన్ భారం 126.9. అలా పెడితే అయోడిన్ తన చుట్టాలైన క్లోరిన్, బ్రోమిన్లను వదిలి వేరే కుటుంబంలో పడుతుంది. మెండలీవ్ తూకాన్ని పక్కనపెట్టి గుణాన్నే నమ్మి, రెంటినీ తారుమారు చేశాడు. టెల్లూరియం భారాన్ని తప్పుగా కొలిచి ఉంటారని అనుకున్నాడు. చేసిన అమరిక సరైనదే. చెప్పిన కారణం మాత్రం సరైనది కాదు. కొలతలో తప్పు లేదు.

ఆ ముడిని 1913లో ఇంగ్లండు యువకుడు హెన్రీ మోస్లే విప్పాడు. వేర్వేరు మూలకాలు వెలువరించే ఎక్స్-కిరణాల పౌనఃపున్యాన్ని కొలిచాడు. ఆ పౌనఃపున్యం వర్గమూలం ఒక్కో మూలకానికి ఒక్కో మెట్టు చొప్పున క్రమం తప్పకుండా పెరిగింది. ఆ మెట్టు కేంద్రకంలోని ధనావేశానిది, అంటే పరమాణు సంఖ్యది. దీంతో మూలకాలకు నికరమైన వరస సంఖ్య దొరికింది. టెల్లూరియం 52, అయోడిన్ 53. భారం కొంచెం ఎక్కువైనా టెల్లూరియమే ముందు. కోబాల్టు, నికెల్ జంటలోనూ చిక్కు ఇలాగే తీరింది. ఇంకెక్కడెక్కడ ఖాళీలున్నాయో కూడా కచ్చితంగా తెలిసింది. 43, 61, 72, 75 సంఖ్యల మూలకాలు అప్పటికి దొరకలేదు. తర్వాత ఈ నాలుగూ దొరికాయి. వీటిలో 43వదైన టెక్నీషియం 1937లో బయటపడింది. కృత్రిమంగా తయారైన మొదటి మూలకం అదే. మోస్లే మాత్రం వీటిలో ఒక్కటీ చూడలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైన్యంలో చేరి, 1915 ఆగస్టులో గల్లిపోలీలో 27 ఏళ్లకే చనిపోయాడు. మూలకాల గుణాలు వాటి పరమాణు సంఖ్యలను బట్టి తిరిగొస్తాయన్నది ఆయన పరిశోధనతో స్థిరపడిన ఆధునిక ఆవర్తన నియమం.

మెండలీవ్ ఊహించని కుటుంబం కూడా ఒకటుంది. దాని కథ గుంటూరును తాకుతుంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో వర్ణపటదర్శిని బిగించి, సూర్యుడి అంచున ఎగిసే జ్వాలలను పరిశీలించాడు. మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పాగ్సన్ మచిలీపట్నం నుంచి చూశాడు. ఆ గ్రహణంలో కనిపించిన వర్ణపటంలో ఒక పసుపు గీత ఉంది. మొదట అది సోడియం గీతేమో అనుకున్నారు. అదే ఏడాది ఇంగ్లండులో లాక్యర్ గ్రహణం లేకుండానే ఆ గీతను చూసి, అది సోడియం చోటులో లేదని, భూమ్మీద తెలిసిన ఏ మూలకానిదీ కాదని తేల్చాడు. గ్రీకులో సూర్యుణ్ని హీలియోస్ అంటారు. దాన్నిబట్టి కొత్త మూలకానికి హీలియం అని పేరొచ్చింది. భూమ్మీద అది దొరకడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 1895లో రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి హీలియాన్ని వెలికితీశాడు.

అంతకు ముందు ఏడాదే రామ్సే, రేలీ కలిసి గాలిలో ఆర్గాన్‌ను కనుగొన్నారు. దేనితోనూ కలవని ఈ వాయువులకు పట్టికలో చోటే లేదు. ఆర్గాన్ మూలకమంటే మెండలీవ్ మొదట నమ్మలేదు. మూడు నత్రజని పరమాణువులు కలిసిన అణువేమో అనుకున్నాడు. 1898లో నియాన్, క్రిప్టాన్, జినాన్ కూడా దొరకడంతో కుటుంబం తయారయింది. పట్టికను ఎక్కడా చెదరగొట్టనవసరం లేకుండా, క్లోరిన్ కుటుంబమైన హాలోజన్ల పక్కన కొత్త నిలువు వరస ఒకటి చేరిస్తే అవన్నీ ఒద్దికగా ఇమిడిపోయాయి. ఇప్పుడు అది 18వ గ్రూపు. వీటినే జడవాయువులు అంటారు.

పట్టిక ఎందుకిలా కుదిరిందో మెండలీవ్‌కు తెలియదు. ఎలక్ట్రాన్ సంగతి తెలిసింది 1897లో. పరమాణువులో ఎలక్ట్రాన్లు కేంద్రకం చుట్టూ పొరలు పొరలుగా ఉంటాయి. ఈ పొరలను కర్పరాలంటారు. మొదటి కర్పరంలో రెండే పడతాయి. రెండోదానిలో ఎనిమిది పడతాయి. మూలకం ప్రవర్తనను నిర్ణయించేది బయటి కర్పరంలోని ఎలక్ట్రాన్ల సంఖ్య. లిథియంలో రెండు, ఒకటి. సోడియంలో రెండు, ఎనిమిది, ఒకటి. పొటాషియంలో రెండు, ఎనిమిది, ఎనిమిది, ఒకటి. మూడింటికీ బయట ఒక్కటే. అందుకే ఈ మూడూ ఒకే గ్రూపు. అడ్డు వరస సంఖ్య ఎన్ని కర్పరాలున్నాయో చెబుతుంది. నిలువు వరస బయటి కర్పరం తీరు చెబుతుంది. డాబరైనర్ త్రికాలకూ, న్యూలాండ్స్ అష్టకాలకూ వెనకున్న రహస్యం ఇదే.

ఏడు అడ్డు వరసలూ ఒకే పొడవుండవు. మొదటిదానిలో రెండే మూలకాలు. రెండు, మూడు వరసల్లో ఎనిమిదేసి. నాలుగు, ఐదు వరసల్లో 18 చొప్పున. ఆరు, ఏడు వరసల్లో 32 చొప్పున. అన్నీ కూడితే 118. మూడో కర్పరంలో 18 ఎలక్ట్రాన్లు పట్టే చోటున్నా, మూడో వరసలో ఎనిమిది మూలకాలే ఎందుకున్నాయంటే, ఎలక్ట్రాన్లు తక్కువ శక్తి ఉన్న చోటునే ముందు వెతుక్కుంటాయి. మూడో కర్పరంలో మిగిలిన పది చోట్లకన్నా నాలుగో కర్పరం వాకిట్లోని రెండు చోట్లకు తక్కువ శక్తి చాలు. అందుకే పొటాషియంలో 19వ ఎలక్ట్రాన్ నాలుగో కర్పరంలోకి వెళుతుంది, కాల్షియంలో 20వదీ అక్కడికే వెళుతుంది. ఆ తర్వాతే లోపల మిగిలిన పది ఖాళీలూ నిండడం మొదలవుతుంది. స్కాండియం నుంచి జింకు వరకు ఉన్న పది మూలకాలు అలా వచ్చినవే.

అడ్డంగా ఎడమ నుంచి కుడికి నడిస్తే గుణం మెల్లమెల్లగా మారుతుంది. మూడో పీరియడ్ దీనికి మంచి ఉదాహరణ. సోడియం, మెగ్నీషియం, అల్యూమినియం, సిలికాన్, భాస్వరం, గంధకం, క్లోరిన్, ఆర్గాన్. మొదటి మూడూ లోహాలు. సిలికాన్ అటూ ఇటూ కానిది, అర్ధలోహం. తర్వాతివి అలోహాలు. సోడియం కత్తితో తెగేంత మెత్తన, సిలికాన్ 1414 డిగ్రీల దాకా కరగనంత గట్టి, క్లోరిన్ ఆకుపచ్చ ఛాయ ఉన్న ఘాటైన వాయువు. ఆక్సిజన్‌తో కలిసినప్పుడు సోడియం క్షారాన్నిస్తే, గంధకం ఆమ్లాన్నిస్తుంది. మధ్యలో అల్యూమినియం ఆక్సైడ్ రెండు విధాలుగానూ ప్రవర్తిస్తుంది.

ఈ మార్పుకు కారణం లాగుడులో ఉంది. కుడికి జరిగినకొద్దీ కేంద్రకంలో ప్రోటాన్లు పెరుగుతాయి. కానీ ఎలక్ట్రాన్లు చేరేది అదే కర్పరంలో. అందుకని కేంద్రకం వాటిని ఇంకా గట్టిగా లాక్కుంటుంది, పరమాణువు కుంచించుకుపోతుంది. ఒక మోల్ సోడియం పరమాణువుల నుంచి ఒక్కో ఎలక్ట్రాన్ ఊడదీయడానికి 496 కిలోజౌళ్ల శక్తి చాలు. ఆర్గాన్‌కు 1521 కిలోజౌళ్లు కావాలి. ఎడమ చివరివి ఎలక్ట్రాన్‌ను వదిలించుకోవాలని చూస్తాయి. కుడి చివర, జడవాయువులకు ముందున్న హాలోజన్లు ఒక్క ఎలక్ట్రాన్ కోసం కాచుకుని ఉంటాయి. సోడియం వదిలినదాన్ని క్లోరిన్ అందుకుంటే ఉప్పు. నీటిలో వేస్తే మండే లోహమూ, పీలిస్తే ఊపిరితిత్తులను కాల్చే వాయువూ కలిసి అన్నంలో కలుపుకునే వస్తువైంది.

నిలువుగా కిందికి దిగితే పోలిక నిలుస్తుంది, జోరు మారుతుంది. మొదటి గ్రూపులో ఉన్నవి క్షార లోహాలు. ల్యాబులో సోడియాన్ని కిరోసిన్ సీసాలో ముంచి ఉంచుతారు. చాకుతో కోస్తే వెన్నముక్కలా తెగి, కోసిన ముఖం వెండిలా మెరుస్తుంది. గాలి తగిలి చూస్తుండగానే మసకబారుతుంది. శనగగింజలో సగమంత ముక్కను నీటి తొట్టిలో వేస్తే మునగదు. పుట్టిన వేడికి తానే కరిగి గుండ్రటి బొట్టయి, బుసబుసమంటూ నీటి మీద అటూ ఇటూ పరుగులు తీస్తుంది. వెనక క్షారం మిగులుతుంది. ఫినాఫ్తలీన్ చుక్క వేస్తే నీళ్లన్నీ గులాబీ రంగుకు తిరుగుతాయి. అదే పని లిథియం నెమ్మదిగా చేస్తుంది. పొటాషియం ఊదారంగు మంటతో చేస్తుంది. సీజియం తాకీ తాకగానే పేలుతుంది. కిందికి దిగినకొద్దీ బయటి ఎలక్ట్రాన్ కేంద్రకానికి దూరమవుతుంది, పట్టు సడలుతుంది. అందుకే ఆ జోరు.

హాలోజన్లలో లెక్క తలకిందులు. అక్కడ ఎలక్ట్రాన్‌ను అందుకోవాలి కాబట్టి బయటి కర్పరం కేంద్రకానికి దగ్గరగా ఉన్నదే బలమైనది. అన్నిటికన్నా పైనున్న ఫ్లోరిన్‌కు ఆకలి ఎక్కువ. ఈ కుటుంబం తెలుగు ఇళ్లకు కొత్తది కాదు. మంచినీళ్ల ట్యాంకులో కలిపే బ్లీచింగ్ పౌడరులో క్లోరిన్ ఉంది. ఉప్పు పొట్లం మీద రాసి ఉండేది అయోడిన్. నల్లగొండ బావినీళ్లలో మోతాదు మించి, తరాల తరబడి ఎముకలను వంచినది ఫ్లోరైడ్.

పద్నాలుగో గ్రూపులో కిందికి దిగుతూ పోతే అలోహం లోహంగా మారడం చూడవచ్చు. పైన బొగ్గులోని కర్బనం. దాని కింద ఇసుకలోని సిలికాన్. ఆ కింద జర్మేనియం. ఆ తర్వాత ఇత్తడి గిన్నెలకు కళాయి పూసే తగరం. దాని కింద సీసం. పదకొండో గ్రూపులో రాగి, వెండి, బంగారం ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. సులభంగా తుప్పు పట్టనివి, సాగేవి, విద్యుత్తును బాగా పారించేవి ఈ మూడూ. నాణేలుగా చెలామణి అయిన లోహాలు ఒకే నిలువు వరసలో చేరడం కాకతాళీయం కాదు. ఈ చుట్టరికం ఒక్కోసారి ప్రమాదం కూడా. రెండో గ్రూపులో కాల్షియం కింద స్ట్రాన్షియం ఉంది. అణు పేలుళ్ల బూడిదలో వచ్చే రేడియోధార్మిక స్ట్రాన్షియం పాలలోకి చేరితే, దేహం దాన్ని కాల్షియం అనుకుని ఎముకలో దాచుకుంటుంది.

పట్టిక మొత్తాన్ని నాలుగు బ్లాకులుగా కూడా విభజిస్తారు. చివరి ఎలక్ట్రాన్ కర్పరంలోని ఏ రకం ఆర్బిటాల్లోకి, అంటే ఏ రకం చోటులోకి, చేరిందన్నదే ఈ విభజనకు ఆధారం. ఎడమ అంచున ఎస్-బ్లాక్, రెండు నిలువు వరసలు. కుడివైపు పి-బ్లాక్, ఆరు వరసలు. నడుమ పల్లంలా ఉన్నది డి-బ్లాక్, పది వరసలు. ఇనుము, రాగి, జింకు, వెండి, బంగారం ఇక్కడివే. వీటిలో చాలావాటిని పరివర్తన మూలకాలంటారు. రకరకాల సంయోజకతలు, రంగురంగుల లవణాలు వీటి గుర్తు. నీలి మైలుతుత్తం రంగు రాగిది. పట్టిక అడుగున విడిగా రెండు బారులు కనిపిస్తాయి. అది ఎఫ్-బ్లాక్. పై బారులో లాంథనైడులు, కింది బారులో ఆక్టినైడులు. నిజానికి వీటి చోటు ఆరు, ఏడు వరసల మధ్యలో. అక్కడే పెడితే పటం మరీ వెడల్పయిపోతుందని కింద అచ్చువేస్తారు.

అడుగున వేసినంత మాత్రాన అవి అప్రధానమైనవి కావు. లాంథనైడుల్లో ఒకటైన నియోడిమియం లేకుంటే ఇయర్‌ఫోన్లలో అంత చిన్న, అంత బలమైన అయస్కాంతం ఉండదు. భీమునిపట్నం తీరపు ఇసుకలో దొరికే మోనజైటులో లాంథనైడులు, వాటితోపాటు థోరియం ఉన్నాయి. కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్వుతున్న యురేనియం ఆక్టినైడు. 1940ల వరకు యురేనియాన్ని టంగ్‌స్టన్ కింద పెట్టేవారు. అమెరికా శాస్త్రవేత్త సీబోర్గ్ 1944, 1945ల్లో ఆక్టినైడులను విడదీసి లాంథనైడుల కిందికి దించాడు. 106వ మూలకానికి ఆయన బతికుండగానే సీబోర్గియం అని పేరు పెట్టారు. 101వది మెండలీవ్ పేరిట మెండలీవియం అయింది.

ఇంత క్రమంలోనూ తగాదా తీరని గడులు లేకపోలేదు. హైడ్రోజన్‌కు ఒక్క ఎలక్ట్రాన్ ఉంది కాబట్టి సోడియం కుటుంబం పైన కూర్చోబెట్టారు. కానీ అది లోహం కాదు. ఒక్క ఎలక్ట్రాన్ తక్కువైంది కాబట్టి హాలోజన్ల పైన కూర్చోబెట్టాలనే వాదన కూడా ఉంది. హీలియం బయటి ఎలక్ట్రాన్లు రెండే. ఆ లెక్కన మెగ్నీషియం పంక్తిలో ఉండాలి. గుణాన్ని బట్టి జడవాయువుల్లో ఉంచారు. నియమం ఒకటి, నడవడిక ఒకటి అయినప్పుడు, హీలియం విషయంలో పట్టిక నడవడికకే ఓటేసింది.

2016 నవంబరులో 113, 115, 117, 118 సంఖ్యల మూలకాలకు నిహోనియం, మాస్కోవియం, టెన్నెసిన్, ఒగనెసాన్ అని పేర్లు ఖరారయ్యాయి. దాంతో ఏడో వరస నిండింది. ఒగనెసాన్ పరమాణువులు ఇప్పటికి తయారైనవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అవి సెకనులో వెయ్యో వంతు కూడా నిలవవు. 119వ మూలకం దొరికిన రోజున ఎనిమిదో వరస మొదలవుతుంది. అది మొదటి గ్రూపులో, ఫ్రాన్షియం కింద కూర్చోవాలి.

మెండలీవ్ ఖాళీగా వదిలిన ఒక గడి కథ రేడియో దాకా వచ్చింది. 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మొదటి ట్రాన్సిస్టర్‌ను జర్మేనియంతో చేశారు. ఏక-సిలికాన్ అంటే అదే. 1954లో అమ్మకానికి వచ్చిన తొలి జేబు ట్రాన్సిస్టర్ రేడియోలో నాలుగు జర్మేనియం ట్రాన్సిస్టర్లున్నాయి. తెలుగు పల్లెల్లో రేడియో పేరే ట్రాన్సిస్టర్ అయిపోయింది. జర్మేనియం వేడెక్కితే సరిగా పనిచేయదు. దాని బదులు వేడిని తట్టుకునే మూలకం కావాల్సివచ్చినప్పుడు, పట్టికలో దూరం వెళ్లి వెతకనక్కరలేకపోయింది. అదే నిలువు వరసలో ఒక్క గడి పైనున్న సిలికాన్ సరిపోయింది.